హోంల్యాండ్ సెక్యూరిటీలో హక్కుల అధికారి

అమెరికాలో విమానం దిగగానే పాస్‌పోర్టు చూసే అధికారి, బ్యాగులు తనిఖీ చేసే టీఎస్‌ఏ, మన హెచ్-1బీ, గ్రీన్‌కార్డు దరఖాస్తులు తేల్చే యూఎస్‌సీఐఎస్, అరెస్టు చేసే ఐస్: అందరూ హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖవాళ్లే. సెప్టెంబర్ 11 దాడుల తర్వాత 2002లో చేసిన చట్టంతో ఈ శాఖ ఏర్పడింది. అదే చట్టంలోని 705వ సెక్షన్ శాఖ లోపలే పౌరహక్కుల అధికారి పదవిని పెట్టింది. పౌరసత్వం ఉన్నా లేకున్నా ఆ అధికారి కార్యాలయానికి ఫిర్యాదు చేయవచ్చు. కానీ అది సిఫారసు చేయగలదే తప్ప ఆదేశించలేదు. బాధితుడికి నేరుగా న్యాయం చేసే అధికారమూ లేదు.

2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ ఉదంతం బయటపడినప్పుడు మన తెలుగు ఇళ్లన్నీ కలవరపడ్డాయి. తరగతులు లేని ఆ యూనివర్సిటీని రహస్యంగా నడిపింది ఐస్ విభాగమే. మొదట సుమారు 130 మంది విద్యార్థులను పట్టుకున్నారు. ఎక్కువమంది భారతీయులు, వారిలో తెలుగు పిల్లలు చాలామంది. వీసా మోసాన్ని అరికట్టాల్సిందే, అందులో సందేహం లేదు. అయితే ప్రభుత్వమే ఫీజులు కట్టించుకుని విద్యార్థులను చేర్చుకునే పథకాన్ని మొదలుపెట్టకముందే, ఇది న్యాయమా అని అడిగే మనిషి నిర్ణయం తీసుకునే గదిలో ఉండాలి. అడిగే హక్కు అతనికి చట్టమే ఇవ్వాలి.

ఆ ఏడాదే టెక్సాస్ సభ్యుడు ఆల్ గ్రీన్ ప్రతినిధుల సభలో పెట్టిన బిల్లు ఈ దిశలోనే సాగింది. శాఖలోని ఒక్కో విభాగంలోనూ ఒక పౌరహక్కుల అధికారి ఉండాలని, విధానాలు రూపొందే దశలోనే శాఖ పౌరహక్కుల కార్యాలయానికి పాత్ర ఉండాలని దాని ఉద్దేశం. అది చట్టం కాలేదు.

చట్టంలో రక్షణ బలంగా లేకపోతే ఏమవుతుందో 2025 మార్చిలో తెలిసింది. పౌరహక్కుల కార్యాలయ సిబ్బందిని దాదాపు అందరినీ తొలగిస్తున్నట్టు శాఖ ప్రకటించింది. హక్కుల సంఘాలు కోర్టుకెక్కాయి. అధికారి ఉండాలని 2002 చట్టం చెప్పింది గానీ, ఆయన కింద ఎంతమంది పనిచేయాలో, ఫిర్యాదును ఎన్నాళ్లలో తేల్చాలో చెప్పలేదు. ఇలాంటి బిల్లు మళ్లీ వస్తే నేను మొదట వెతికేది ఆ రెండు వాక్యాల కోసమే.

మన సంఘాలు దీపావళి వేడుకలకు కాంగ్రెస్ సభ్యులను ఆహ్వానిస్తూనే ఉన్నాయి. ఈసారి వేదిక దిగాక వారిని ఈ సంగతి అడగాలి. ఓటు లేని హెచ్-1బీ కుటుంబమైనా తమ నియోజకవర్గ సభ్యుడి కార్యాలయానికి లేఖ రాయవచ్చు.