229లో మిగిలేది 126

తెలంగాణ విద్యా క్యాలెండర్ ప్రకారం 2024-25లో బడి పనిదినాలు 229. జూన్ 12న తెరిచి ఏప్రిల్ 23న మూశారు. ఈ లెక్క చూసిన తల్లిదండ్రులకు సహజంగానే ఒక సందేహం వస్తుంది: ఇన్ని రోజులుండగా డిసెంబరు వచ్చేసరికి సిలబస్ కాలేదని సార్లు కంగారు పడటం దేనికి, సాయంత్రం స్పెషల్ క్లాసులు దేనికి?

జీతం బిల్లులో గ్రాస్ చూసి ఎవరూ ఇంటి ఖర్చులు వేసుకోరు, చేతికొచ్చే నెట్ ఎంతో చూసుకుంటారు. 229 గ్రాస్. పదో తరగతి గణితం చెప్పే స్కూల్ అసిస్టెంటుకు నెట్ ఎంత వస్తుందో ఆ ఏడాది క్యాలెండర్ మీదే కూడి, తీసివేసి చూద్దాం.

పదో తరగతి సిలబస్‌కు ఏప్రిల్ దాకా గడువు లేదు. జనవరి 10 నాటికి ముగించాలన్నారు. మార్చి 21న పబ్లిక్ పరీక్షలు మొదలయ్యాయి కాబట్టి నడుమ ఉన్న కాలం పునశ్చరణకు, ప్రీఫైనల్‌కు పోతుంది. జూన్ 12 నుంచి జనవరి 10 వరకు 213 రోజులు. అందులో ఆదివారాలు 30. అవి పోతే 183. దసరా సెలవులు 13 రోజులు, వాటిలో రెండు ఆదివారాలను ముందే తీసేశాం గనుక ఇప్పుడు తగ్గేది 11. మిగిలింది 172. దసరాలో కలిసిపోయిన ఒకటి కాక రెండో శనివారాలు మరో ఐదు. బక్రీద్, మొహర్రం, బోనాలు, పంద్రాగస్టు, కృష్ణాష్టమి, వినాయక చవితి, మిలాద్, దీపావళి, కార్తీక పౌర్ణమి, క్రిస్మస్‌కు రెండు రోజులు, జనవరి ఒకటి అన్నీ కలిపి ఇంచుమించు డజను. అక్టోబరులో ఎస్ఏ-1 (మొదటి సంగ్రహణాత్మక మూల్యాంకనం) పరీక్షలకు పనిదినాలు ఏడు. ఇక మిగిలింది 148. సెప్టెంబరు మొదట్లో ఖమ్మం వైపు వరదలకు బడులు మూతపడిన రోజులను ఇందులో వేయలేదు.

రోజుకొక గణితం పీరియడ్ అనుకుంటే 148 పీరియడ్లు. ఇక్కడి నుంచి అంకెలు నా అంచనా, మీ బడిలో కొంచెం అటూ ఇటూ కావచ్చు. జనవరిలోపు వచ్చే మూడు ఎఫ్ఏలకు (నిర్మాణాత్మక మూల్యాంకనాలకు) ఒక్కోదానికి లఘు పరీక్ష ఒకటి, పేపర్లిచ్చి మాట్లాడేది ఒకటి చొప్పున ఆరు. టీచరు సెలవులు, శిక్షణలు, స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు, ఆటల పోటీలు కలిపి పది. తొమ్మిదో తరగతిలో ఏం మిగిలిపోయిందో చూసుకోవడానికి జూన్‌లో ఒక వారం, అంటే ఆరు. నెట్ 126.

పదో తరగతి గణితంలో అధ్యాయాలు 14. భాగిస్తే శేషం లేకుండా తొమ్మిది వస్తుంది. వార్షిక ప్రణాళికలు చాలావరకు ఇక్కడే చెడిపోతాయి. తలా తొమ్మిది పంచేస్తే కాగితం నిండుతుంది, ప్రధానోపాధ్యాయుడి (హెచ్ఎం) సంతకమూ పడుతుంది. కానీ సమితులూ సరూప త్రిభుజాలూ ఒకే బరువున్న పాఠాలు కావు. సమితుల్లో గుర్తులు అలవాటైతే పని సగం అయినట్టే. సరూప త్రిభుజాల్లో సిద్ధాంతాలున్నాయి, వాటి విపర్యయాలున్నాయి, నిర్మాణాలున్నాయి. దీనికి 15 కావాలి. అదనపు ఆరూ ఎక్కడి నుంచి తేవాలో జూన్‌లోనే తేల్చుకోవాలి. సమితుల్లో మూడు, సంభావ్యతలో ఒకటి, త్రికోణమితి అనువర్తనాల్లో రెండు తగ్గించవచ్చని నా మాట. వేరే టీచరు వేరేచోట కోస్తారు. ఎక్కడా కోయకుండా ప్రణాళిక వేసుకున్నవారికి ఆ కోత డిసెంబరులో దానంతటదే పడుతుంది. అప్పుడు తెగేది చివరికి మిగిలిన పాఠం, అది తేలికదో ముఖ్యమైనదో చూసే వ్యవధి ఉండదు.

వరుస సంగతి కూడా చెప్పాలి. పుస్తకంలో ఏడో అధ్యాయం నిరూపక రేఖాగణితం, ఎనిమిదోది సరూప త్రిభుజాలు. ఏడో అధ్యాయంలోని విభజన సూత్రాన్ని రాబట్టడానికేమో సరూప త్రిభుజాలే ఆధారం. పుస్తకం వరుసనే పట్టుకుపోయిన టీచరు అక్కడికి వచ్చి, ఇది ఇలా ఉంటుందనుకోండి అని దాటేయాల్సి వస్తుంది. ఎనిమిదిని ముందు పెట్టుకుంటే ఆ తిప్పలు ఉండవు. త్రికోణమితి కూడా దాని వెనకే సులువుగా నడుస్తుంది, ఎందుకంటే త్రిభుజం పెద్దదైనా చిన్నదైనా కోణం అదే అయినప్పుడు నిష్పత్తి ఎందుకు మారదో పిల్లలకు అప్పటికే తెలిసి ఉంటుంది. పక్క సబ్జెక్టు సంగతీ చూడాలి. భౌతికశాస్త్రం సారు వక్రీభవనంలో స్నెల్ నియమం వాడటానికి సైన్ విలువలు కావాలి. గణితంలో త్రికోణమితి నవంబరుకు పెట్టారా, ఆయనే వచ్చినంత చెప్పుకుని గట్టెక్కుతారు. జూన్‌లో స్టాఫ్ రూమ్‌లో అరగంట కూర్చుని మాట్లాడుకుంటే తీరిపోయే పని ఇది.

సరే, 15 పీరియడ్లు దొరికాయి. యూనిట్ ప్రణాళికలో వాటిని ఇలా వాడుకోవచ్చు: పాత నిష్పత్తి, అనుపాతం గుర్తు చేయడానికి ఒకటి, ప్రాథమిక అనుపాత సిద్ధాంతానికి, దాని విపర్యయానికి మూడు, సరూపకత నియమాలకు మూడు, లెక్కలకు మూడు, వైశాల్యాలకు ఒకటి, పైథాగరస్‌కు రెండు, నిర్మాణానికి ఒకటి. చివరి ఒక్కటీ ఖాళీగా ఉంచాలి. పిల్లలు ఎక్కడ తప్పుతారో ముందే తెలియదు గనుక ఆ పీరియడ్‌కు పేరు పెట్టకూడదు. అధికారులకు ఖాళీ గడి నచ్చదు. అందుకని దానికీ ఏదో ఒక పేరు రాసేస్తారు, ఆ పేరు మీద మరో అభ్యాసం లాగించేస్తారు.

రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థ (ఎస్‌సీఈఆర్‌టీ) గణితానికి ఐదు విద్యా ప్రమాణాలు పెట్టింది. వాటి భారత్వం సమస్యా సాధనకు 40 శాతం, కారణాలు చెప్పడం–నిరూపణకు 20, వ్యక్తపరచడానికి 10, అనుసంధానానికి 15, ప్రాతినిధ్యానికి 15. పదిహేను పీరియడ్లలో నిరూపణ వంతు మూడు. నిరూపణలే ప్రాణమైన ఈ పాఠంలో అవి చాలవు. భారత్వపు పట్టిక ఏడాది మొత్తానికి గానీ ఒక్కో పాఠానికి కాదని గుర్తుంచుకుంటే చిక్కు లేదు.

ఇక పీరియడ్ ప్రణాళిక. పీరియడ్ 45 నిమిషాలు, తరగతిలో 40 మంది. ఇంటిపని ఒక్కొక్కరిది అర నిమిషం చూసినా 20 నిమిషాలు అయిపోతాయి. రోజుకు ఎనిమిది పుస్తకాలు చూస్తే అయిదు రోజుల్లో అందరివీ పూర్తవుతాయి, పట్టేది నాలుగు నిమిషాలు. నేనైతే 45ను ఇలా పంచుతాను: కుదురుకోవడానికి 3, ఇంటిపనికి 5, నిన్నటి పాఠానికి 5, కొత్త విషయానికి 12, పిల్లలు సొంతంగా చేయడానికి 12, వాళ్ల తప్పుల మీద చర్చకు 5, రేపటి పనికి 3. కొత్తగా చేరినవారు బోర్డు దగ్గరే అరగంట గడుపుతారు. పాఠం బాగా వచ్చిందనుకుంటారు, తీరా పిల్లల చేత చేయించే వేళకు గంట కొడతారు.

పీరియడ్ ప్రణాళికలో ముందు రాసుకోవాల్సింది పిల్లలకు వేసే ఆఖరి ప్రశ్న. ఏబీసీ త్రిభుజంలో బీసీకి సమాంతరంగా డీఈ గీశాం, డీ ఏబీ మీద, ఈ ఏసీ మీద ఉన్నాయి. ఏడీ 2, డీబీ 3, ఏఈ 4 అయితే ఈసీ ఎంత? ఆరు అని తరగతి దాదాపు మొత్తం చెబుతుంది. ఈ ప్రశ్నతో టీచరుకు తెలిసేది తక్కువ. బీసీ 10 అయితే డీఈ ఎంత అని అడగండి. నాలుగు అన్నవారికి పాఠం పట్టుబడింది. ఆరు ముప్పాతిక దరిదాపుల్లో ఏదో చెప్పినవారు ఏడీని ఏబీతో కాక డీబీతో పోల్చారు. ఎవరు ఎక్కడ జారారో ఒక్క ప్రశ్నతో తేలిపోయింది. రేపు ‘నిన్నటి పాఠానికి’ కేటాయించిన అయిదు నిమిషాల్లో ఏం చెప్పాలో కూడా తేలిపోయింది.

దీనికంతా టీచరుకు టైమెక్కడిది? విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ఉపాధ్యాయుడి వారపు పని, తయారీతో కలిపి, కనీసం 45 గంటలు. ఆ చట్టం ఎనిమిదో తరగతి దాకానే అయినా లెక్కకు అదే తీసుకుందాం. రోజుకు అయిదు పీరియడ్లయితే బోధన వారానికి 22 గంటల 30 నిమిషాలు, మిగిలేదీ అంతే. పీరియడ్‌కు 20 నిమిషాల తయారీ అంటే పది గంటలు. మూడు తరగతుల 120 నోటు పుస్తకాలు, మూడేసి నిమిషాల చొప్పున, ఆరు గంటలు. ఇంకా ఆరున్నర ఉంది. హాజరు యాప్, మధ్యాహ్న భోజనం లెక్కలు, అడిగిన రోజే పంపాల్సిన సమాచారం అన్నీ అందులోనే.

ప్రాథమిక బడిలో పరిస్థితి వేరు. ఒకటి, రెండు తరగతులకు మూడేసి సబ్జెక్టులు, మూడు నుంచి అయిదుకు నాలుగేసి, మొత్తం 18. చట్టం ప్రకారం ఏడాదికి 200 రోజులు, 800 గంటలు, అంటే రోజుకు నాలుగు గంటలు. ఏకోపాధ్యాయ బడిలో 240 నిమిషాలను 18తో భాగిస్తే ఒక్కో సబ్జెక్టుకు 13 నిమిషాలు. తరగతులు కలిపి కూర్చోబెట్టక తప్పదు. 2024 నవంబరులో ఇంటింటి సర్వేకు సెకండరీ గ్రేడ్ టీచర్లను (ఎస్‌జీటీ) పంపి ప్రాథమిక బడులను ఒంటిపూట నడిపారు, దొరికే సమయం ఇంకా తగ్గింది.

వార్షిక ప్రణాళిక నమూనా చివర్లో ‘ఉపాధ్యాయుని ప్రతిస్పందనలు’ అని ఒక గడి ఉంటుంది. అనుకున్నదేంటి, జరిగిందేంటి, ఏం మార్చారు అన్నది రాయడానికి పెట్టినది. చాలా రికార్డుల్లో ‘విద్యార్థులు బాగా స్పందించారు’ అన్న ఒకే వాక్యం జూన్ నుంచి ఫిబ్రవరి దాకా దిగుతుంది. తనిఖీకి వచ్చే అధికారులకు, హెచ్ఎంలకు ఒక మనవి. రికార్డు తెరిచినప్పుడు ముందు ఆ గడి చదవండి. అందులో కొట్టివేతలు, తేదీల మార్పులు, ‘ఇంకో రెండు పీరియడ్లు కావాల్సి వచ్చింది’ లాంటి మాటలు కనిపిస్తే సంజాయిషీ అడగకుండా సంతకం పెట్టండి.