విడిచి విడిచి వచ్చే విద్యుద్దోషం

విలాసవంతమైన ఆధునిక కారులో ఒకనాడు హెచ్చరిక దీపాలు వరుసగా వెలుగుతాయి. మరునాడు ఒక్కటీ కనిపించదు. మెకానిక్కుకు చూపే వేళకు కారు ఆరోగ్యంగానే ఉంటుంది. ఆయుర్వేదం విషమజ్వరమన్నది ఇటువంటి దానినే.

ఈ కార్లలో ఇంజను, బ్రేకులు, తలుపులు, సీట్లు మొదలైన వాటిని నియంత్రించే చిన్న కంప్యూటర్లు పదుల సంఖ్యలో ఉంటాయి. బాష్ సంస్థ 1986లో పరిచయం చేసిన 'క్యాన్' అనే సమాచార మార్గం ద్వారా అవి పరస్పరం సంభాషిస్తాయి. వోల్టేజి తగ్గి ఒకటి మౌనం వహిస్తే, దాని సమాధానానికై వేచి ఉన్న తక్కినవన్నీ ఫిర్యాదులు నమోదు చేస్తాయి. పది హెచ్చరికలకు మూలం ఒక్కటే కావచ్చు. ఇది గ్రహించక ఖరీదైన కంప్యూటరును మార్పించి, కొద్ది రోజులకే మళ్లీ అదే దోషాన్ని చూసి చింతించేవారు ఉన్నారు.

కనుక మొదట పరీక్షించవలసినది బ్యాటరీని. కొన్ని గంటలు విశ్రమించిన పన్నెండు వోల్టుల బ్యాటరీ 12.6 లేదా అంతకు మించి చూపితే నిండుగా ఉన్నట్లు; 12.2 అయితే దాదాపు సగమే మిగిలినట్లు. అయితే ఈ అంకెను మాత్రమే నమ్మరాదు. నిండుగా కనిపించే ముసలి బ్యాటరీ స్టార్టరు తిరిగే క్షణంలో కుంగిపోతుంది. అప్పుడు వోల్టేజి 9.6కు దిగువకు జారితే దానిని అనుమానించాలి.

బ్యాటరీ బాగున్నదని తేలితే, దాని ఋణధ్రువాన్ని కారు దేహానికి కలిపే ఎర్త్ తీగను చూడాలి. అక్కడి బోల్టు వదులైనా, తుప్పు పట్టినా కుదుపునకొకసారి సంబంధం తెగి మళ్లీ కలుస్తుంది. దోషం వచ్చిపోవడంలోని రహస్యం తరచు ఇదే.

బ్యాటరీ మార్చవలసి వస్తే, బి.ఎం.డబ్ల్యు. వంటి అనేక కార్లలో ఆ సంగతిని కారు కంప్యూటరుకు తెలియజేయాలి. లేనిచో అది పాత బ్యాటరీయే ఉన్నదనుకొని, దానికి తగినట్లే కొత్తదానికి ఛార్జి అందిస్తుంది.