చలికాలంలో బోన్సాయ్

మార్గశిరం రాగానే మన బెంగుళూరు ఇళ్ళలో ఉన్ని టోపీలు బయటికి వస్తాయి, బోన్సాయ్ కుండీలు లోపలికి పోతాయి. ఈ రెండవది అనవసరము. ఇక్కడ లెక్కకెక్కిన చలులలో మిక్కిలి గట్టిది 1884 జనవరిలో పడింది, అదీ 7.8 డిగ్రీలే. ఆ మాత్రానికి మర్రి, జువ్వి చావవు. చీకటిగదిలో పెడితే మాత్రం ఆకు రాల్చి నీరసిస్తాయి. మేము వాటిని డాబామీద, తూర్పుటెండ తగిలేచోటనే ఉంచుతాము. పైమట్టి ఆరిన తరువాతనే, అదీ ఉదయంపూట, నీళ్ళు పోస్తాము. చలిలో చెట్టు త్రాగేది తక్కువ గదా! వేళ్ళు కత్తిరించే పని శివరాత్రి దాకా లేదు.

జపాను మేపుల్ సంగతి వేరు. దానికి నెలల తరబడి చలినిద్ర కావాలి. మన చలి చాలదు. నర్సరీవారు ఎంత పొగిడినా కొనకండి.

మంచు కురిసే దేశాలలో ఉన్న మన పిల్లలు మర్రిని ఇంట్లోకి తేవలసిందే. మేపుల్‌ను బయటనే ఉంచవచ్చును గాని, పలుచని పళ్ళెంలో వేళ్ళు గడ్డకడతాయి. కుండీని అంచుదాకా నేలలో పాతి, ఎండుటాకులు కప్పమని వ్రాయండి.