పాతబస్తీ నడకకు సనద్ కావాలి

దివ్య ఖుర్‌ఆన్ భూమిలో సంచరించమని, ముందు తరాల వారి పర్యవసానం చూసి గుణపాఠం నేర్చుకోమని పలుచోట్ల ఉద్బోధిస్తుంది. అదే గ్రంథం హుజురాత్ సూరాలో మరో మాట చెబుతుంది. నమ్మదగని వ్యక్తి వార్త తెస్తే నిజానిజాలు విచారించుకోవాలి. లేకపోతే తెలియక ఒక జనసమూహానికి కీడు చేసి, ఆనక పశ్చాత్తాపపడవలసి వస్తుంది. చారిత్రక కట్టడాల మధ్య పదిమందిని వెంట తిప్పుతూ కథ చెప్పే ప్రతి వ్యక్తీ ఈ రెండు ఆదేశాలనూ కలిపి గుర్తుంచుకోవాలి.

హైదరాబాద్ పాతబస్తీలో హెరిటేజ్ వాక్‌ల పేరుతో ఇలాంటి నడకలు జరుగుతున్నాయి. చరిత్ర మీద అభిరుచి ఉన్న మన యువతీయువకులు వీటిని నడిపించడానికి ముందుకు రావడం సంతోషకరం. అయితే నాలుగు కథలు కంఠస్థం చేసినంత మాత్రాన సరిపోదు. ఆ కథ ఎక్కడ పుట్టిందో కూడా తెలిసి ఉండాలి.

ఎవరు చెప్పారు? ఎవరి దగ్గర విన్నారు?

ఈ ప్రశ్నలు ముస్లిములకు కొత్తవి కావు. హదీసు విద్వాంసులు ఏ మాటనూ సనద్ లేకుండా స్వీకరించలేదు. చెప్పినవాడు ఎవరు, అతడు ఎవరి నుంచి విన్నాడు, వారిద్దరూ ఒకే కాలంలో జీవించారా అని ఆరా తీశారు. ఇమామ్ బుఖారీ (రహ్మ) సుమారు ఆరు లక్షల ఉల్లేఖనాలను పరిశీలించి, పునరుక్తులతో కలిపి ఏడు వేలకు పైగా మాత్రమే తమ గ్రంథంలో చేర్చారని చెబుతారు. చరిత్ర గ్రంథానికి హదీసు స్థాయి లేదు. కాని ఆ విచారణ పద్ధతి చరిత్రకూ పనికివస్తుంది.

చార్మినార్‌నే తీసుకోండి. కట్టింది ముహమ్మద్ కులీ కుతుబ్ షా, సంవత్సరం హిజ్రీ 1000, అంటే క్రీ.శ. 1591-92. ఈ సంవత్సరాన్ని 'యా హాఫిజ్' అనే మాటలో పొదిగారు. అబ్జద్ లెక్కన 'యా' విలువ 11, 'హాఫిజ్' విలువ 989, కలిపితే సరిగ్గా వెయ్యి. పిల్లల చేత ఈ లెక్క వేయించండి, జన్మలో మరచిపోరు. ఇక చార్మినార్ నుంచి గోల్కొండకు సొరంగం ఉందన్న కథ కూడా మీకు వినిపిస్తుంది. దానిని చెప్పవచ్చు, కాని వినికిడి అని చెప్పి మరీ చెప్పాలి.

భాగమతి ప్రస్తావన వచ్చినప్పుడు మరింత జాగ్రత్త అవసరం. ఆమె పేరిట నగరం వెలిసిందని ఆ కాలపు చరిత్రకారుడు ఫిరిష్తా రాశాడు. నాణేల మీద, శాసనాల మీద ఆ దాఖలా లేదని 20వ శతాబ్దిలో ఆచార్య హారూన్ ఖాన్ షేర్వానీ వాదించారు. నడిపించే వ్యక్తి ఇద్దరి మాటా చెప్పాలి. ఒకరి మాట దాచిపెట్టి జనాన్ని రెచ్చగొట్టడానికి చరిత్ర ఆయుధం కాదు.

చూసినది వేరు, విన్నది వేరు

మక్కా మస్జిద్‌కు 1617 ప్రాంతంలో సుల్తాన్ ముహమ్మద్ కుతుబ్ షా పునాది వేస్తే, ఔరంగజేబు కాలంలో 1694లో పూర్తయింది. 17వ శతాబ్ది మధ్యకాలంలో వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ సగం కట్టిన మస్జిద్‌ను చూశాడు. మిహ్రాబ్ రాతిని గనిలో తొలచడానికి ఐదు వందల నుంచి ఆరు వందల మంది ఐదేళ్లు శ్రమించారని రాశాడు. దానిని లాగడానికి 1,400 ఎద్దులను కట్టారన్నది మాత్రం తనకు ఇతరులు చెప్పిన మాటగా పేర్కొన్నాడు. ఆ పాటి నిజాయితీ మనకూ ఉండాలి. విచిత్రమేమంటే ఆయన మస్జిద్‌ను 'పగోడా' అని రాశాడు! కళ్లారా చూసినవాడి రాతనైనా ఆలోచించి చదవాలన్నమాట.

పత్తర్‌గట్టి సమీపంలోని బాద్షాహీ ఆషూర్‌ఖానాలో గోడలే సాక్ష్యం చెబుతాయి. 1908 మూసీ వరద అక్కడి రంగురంగుల పింగాణీ పలకలను కొంత మేర పాడుచేసింది. ఆ చోట తర్వాత రంగులతో పలకల్లాగా చిత్రించారు. ఏది అసలు, ఏది అతుకు అని పరికించి చూస్తే వరద మట్టం కూడా అంచనాకు వస్తుంది.

ఇంటి నుంచే సన్నాహం

నడకకు ముందు ప్రతి కట్టడానికీ ఒక కాగితం కేటాయించండి. మూడు గడులు గీయండి. మొదటి గడిలో నేడు కంటికి కనిపించేది, రెండో దానిలో గ్రంథాల్లో ఉన్నది, మూడో దానిలో జనం చెప్పుకునేది రాయండి. సయ్యద్ అలీ అస్గర్ బిల్‌గ్రామీ 1927లో వెలువరించిన 'ల్యాండ్‌మార్క్స్ ఆఫ్ ది డెక్కన్'లో కట్టడాలు, శాసనాల వివరాలున్నాయి. 1912-15 మధ్య లెనార్డ్ మన్ తయారుచేయించిన మునిసిపల్ పటాలున్నాయి. వాటిని నేటి గల్లీలతో పోల్చి చూస్తే ఏది మిగిలింది, ఏది పోయింది అన్నది తెలుస్తుంది. నగర ప్రాకారానికి ఉండిన దర్వాజాలలో నేడు మిగిలినవి దబీర్‌పురా, పురానాపుల్ దర్వాజాలే. వివరాలు రాసి పెట్టకపోతే కట్టడం కూలిన నాడు దాని చరిత్ర కూడా కూలిపోతుంది.

ఫార్సీ, ఉర్దూ రాతలు చదవలేమని తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలు చిన్నబోనక్కర్లేదు. ఇంట్లో తాతయ్య, నానమ్మ చదివితే మనవడు తెలుగులో విడమరచి చెప్పవచ్చు. ఈ నగరానికి తెలుగు పరాయిది కాదు. ఇబ్రహీం కుతుబ్ షాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన 'తపతీ సంవరణోపాఖ్యానం' ఆయనకే అంకితమిచ్చాడు. కుతుబ్ షాహీల చివరి కాలపు ఫర్మానాల్లో ఫార్సీ పక్కనే తెలుగు కనిపిస్తుంది.

మర్యాద మరువరాదు

నమాజు వేళకు మస్జిద్‌లో గుంపుగా మాటలు తగవు. ఆషూర్‌ఖానాలో, దర్గాలో అక్కడి నియమాలు పాటించాలి. గల్లీలో కాపురముంటున్న వారు ప్రదర్శనశాలలో బొమ్మలు కారు. అనుమతి లేకుండా వారి గుమ్మాల ముందు ఫోటోలు తీయరాదు. సలాం చెప్పి పలకరిస్తే దుకాణం ముందు కూర్చున్న పెద్దాయనే మీకు తెలియని సంగతి చెబుతారు. అప్పుడు దానిని ఆయన పేరుతో, తేదీతో రాసుకోండి. రేపటి పరిశోధకుడికి మీరే సనద్ అవుతారు.

తెలియని ప్రశ్న ఎదురైతే తెలియదని చెప్పడం మన పెద్దల సంప్రదాయం. 'వల్లాహు ఆలమ్' అనడానికి ఇమాములే వెనుకాడలేదు. చార్మినార్ నీడలో నిలబడి ఆ మాట అనడానికి మనకు మాత్రం సిగ్గెందుకు?