రెండు పెట్టెల నడుమ

గాజువాక నిశ్శబ్దము తక్కువైన యూరు. కోల్‌కతానుండి చెన్నైకి పోవు జాతీయ రహదారి దాని నడిబొడ్డున సాగుచున్నది. ఒక వంక ఆటోనగరులోని సుత్తి దెబ్బలు, మఱొక వంక లారీల హారన్లు. ఇంకొంచెము దక్షిణముగా, 1966 నాటి ఉద్యమఫలముగా 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారము. ఇట్టి యూరిలో ఒక గృహస్థు ఒక జత స్టీరియో స్పీకర్లను కొత్తగా కొని తెచ్చెననుకొందము. పిల్లలు అట్టపెట్టెలు విప్పుదురు, తీగెలు తగిలింతురు, మొదటి పాట మ్రోగును. ఆ తొలి వినికిడిలో తాము పరీక్షించునది పెట్టెలనే యని ఆ యింటివారు తలంతురు. నిజమునకు దానితోపాటు మఱి రెండు పరీక్షలు జరుగుచున్నవి: ఒకటి గదికి, ఒకటి చెవికి.

ఒక పెట్టె చాలదా యని యడుగువారుందురు. 1963లో విశాఖపట్టణమున ఆకాశవాణి కేంద్రము వెలసిన కాలమున ఇండ్లలోని రేడియోలకు సామాన్యముగా ఒకే స్పీకరు ఉండెడిది. దానిముందు కూర్చుండియే జనులు కచేరీలు విని పరవశించిరి. అందలి లోపమేమనగా, గాయకుడును, వయొలినును, మృదంగమును ఒకే ద్వారమునుండి తోసికొని వచ్చినట్లుండును. కచేరీ సభలో అట్లు గాదు. కన్నులు మూసికొన్నను మృదంగము ఏ వంకనున్నదో చెప్పగలము. ఏలనగా మనకు చెవులు రెండు. వాని నడుమ దూరము జానెడుకు కొంచెము తక్కువ. కుడివైపున పుట్టిన ధ్వని కుడిచెవిని ముందుగా చేరి, ఎడమచెవిని సెకనులో వెయ్యవ వంతుకన్నను తక్కువ ఆలస్యముతో చేరును. తల అడ్డగుటచే కొంత క్షీణించియు చేరును. ఈ స్వల్పభేదమును పట్టుకొని మనస్సు దిక్కును నిర్ణయించును.

ఈ రహస్యమును యంత్రమునకు నేర్పినవారిలో ముఖ్యుడు ఆంగ్లదేశపు ఇంజనీరు అలన్ బ్లూమ్‌లైన్. సినిమాతెరపై నటుడు ఒక కొసనుండి మఱొక కొసకు నడచుచున్నను, కంఠము మాత్రము ఒకే చోటనుండి వచ్చుట ఆతనికి ఎబ్బెట్టుగా తోచెనని చెప్పుదురు. 1931 డిసెంబరులో ఆతడు తన పద్ధతికి పేటెంటు కోరెను. రికార్డుపై గల ఒకే గాడియొక్క రెండు గోడలమీద రెండు ధ్వనులను చెక్కు ఉపాయము అందు కలదు. 1942లో రాడారు పరీక్షలు జరుపుచుండగా విమానము కూలి, ముప్పదియెనిమిదేండ్ల ప్రాయమున ఆతడు మరణించెను. స్టీరియో రికార్డులు అంగళ్లలోనికి విరివిగా వచ్చినది 1958లో. తాను నాటిన చెట్టు ఫలమును ఆతడు చూడలేదు.

కావున కొత్త జతను వినువారు మొదట సరిచూచుకొనవలసినది తాము కూర్చున్న చోటు. రెండు స్పీకర్లును, వినువాని తలయు ఒక సమబాహు త్రిభుజమునకు మూడు శీర్షములు కావలెను. బడిలో నేర్చిన రేఖాగణితమునకు ఇంతకన్న మధురమైన ఉపయోగము అరుదు. తారస్థాయిని పలుకు చిన్న స్పీకరు చెవి యెత్తున ఉండవలెను. అపుడు గాయకుని కంఠము కుడి పెట్టెనుండి గాని, ఎడమ పెట్టెనుండి గాని రాక, ఏమియు లేని నడుమనుండి వినవచ్చును. అట్లు గాక కంఠము గదియంతట చెదరి, మంద్రస్థాయి పలుచబడినచో, ఒక పెట్టెకు ఎఱ్ఱ, నల్ల తీగెలు తారుమారైనవేమో చూడవలెను. ఆ స్థితిలో ఒక స్పీకరు గాలిని ముందునకు త్రోయునపుడు రెండవది వెనుకకు లాగుచుండును. ఒకదాని శ్రమను మఱొకటి హరించును.

తొలి వినికిడిలో మోసపోవుట సులభము. కొంచెము బిగ్గరగా పలుకునదే మేలైనదని చెవి తీర్పు చెప్పును. అందుచే రెండు జతలను పోల్చువారు రెండింటిని ఒకే బిగ్గరతనమున వినవలెను. అంగడిలో గుండెల నదరగొట్టిన మంద్రధ్వని ఇంటిలో గంటసేపటికి విసుగు పుట్టింపవచ్చును. గోడమూలకు నెట్టిన పెట్టెలో ఆ ధ్వని మఱింత ఉబ్బును. నున్నని రాతి పలకల నేలయు, బోడి సిమెంటు గోడలును గల గదిలో ఒకమారు చప్పట్లు చరచి చూడుడు. ఆ కంగుమను శబ్దమే ప్రతి పాటపైనను వ్రాలును. ఒక జంపఖానా, తలుపులకు తెరలు, గోడవెంట పుస్తకముల బీరువా చేయు మేలును ఒక్కొక్కపుడు ఖరీదైన పెట్టె చేయలేదు.

వింతయేమనగా, ఈ జత గుణము తెలియుటకు కొత్త రికార్డే అక్కరలేదు. ద్వారం వెంకటస్వామినాయుడుగారి పాత రికార్డు చాలును. 1893లో బెంగుళూరున జన్మించి, విశాఖపట్టణమున పెరిగి, 1919లో విజయనగర మహారాజావారి సంగీత కళాశాలలో వయొలిను ఆచార్యులై, 1936లో ప్రధానాచార్యులై, 1964లో కీర్తిశేషులైన ఆ విద్వాంసుని వాదనము నిమిషమునకు 78 చుట్లు తిరుగు రికార్డులకెక్కినది. ఒక్కొక్క వైపున మూడు నిమిషములకు కొంచెము మించి పట్టదు. అందున్నది ఒకే ధ్వని. దానిని రెండు పెట్టెలును సమముగా పలికినపుడు, సూది గరగరల వెనుకనుండి వయొలిను సరిగా నడుమకు వచ్చి నిలుచును. పెట్టెలు రెండును ఏకీభవించినందున పెట్టెలే మాయమగును. మంచి జతకు గురుతు ఇదియే: అది తన్ను తాను వినిపింపదు.

ఇక చెవి పరీక్ష. కర్మాగారముల యూరైన గాజువాకకు ఇది విశేషముగా వర్తించును. యంత్రముల హోరులో ఏండ్లతరబడి పనిచేసినవారికి మొదట క్షీణించునది సాధారణముగా సెకనుకు సుమారు 4,000 కంపనముల ప్రాంతపు వినికిడి. లోచెవిలోని సూక్ష్మరోమకణములు ఒకసారి నశించినచో మరల మొలవవు. మాట వినబడును గాని, స, శ, త, క వంటి హల్లులు మసకబారును. “ఈ పెట్టెలో తేటదనం లేదమ్మా” అని తండ్రి యనును. “తాళాల మోత ఎంత తేటగా ఉంది నాన్నా!” అని కుమార్తె యనును. ఇద్దరును నిజమే పలుకుచున్నారు. మన దేశపు కర్మాగార నియమములు ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్సును హద్దుగా పెట్టినవి. ఆపైన హోరున్నచోట చెవికి రక్షణ తప్పనిసరి. కొత్త పెట్టెను అంగడికి త్రిప్పి పంపుటకు ముందు ఆ తండ్రి చెవివైద్యునికి ఒకమారు చూపించుకొనుట మేలు. చెవులలో చిన్న స్పీకర్లు దూర్చుకొని దినమంతయు బిగ్గరగా విను విద్యార్థులకును ఇదే హెచ్చరిక; వారి కర్మాగారము వారి జేబులోనే యున్నది.

నవవిధ భక్తులలో శ్రవణమునకు మన పెద్దలు మొదటి స్థానమిచ్చిరి. వినుట ఊరక జరుగు పని గాదు. ఒకచోట కుదురుగా కూర్చుండవలెను, మాటలు మానవలెను, చెవికి వచ్చినదానిని మనస్సు కూర్చుకొనుటకు కొంత వ్యవధి నీయవలెను. రెండు పెట్టెలును ఇచ్చునవి రెండు సగములే. పాటను పూర్తిచేయువాడు శ్రోత. పెట్టె చెడినచో మఱొకటి కొనవచ్చును. చెవికి బదులు చెవి ఏ యంగడిలోను దొరకదు.