రేవు కాపలా, రైలు కాపలా

ఖరగ్‌పూరులోని మథురాకాటి, నింపురా పేటలలో తెలుగు వినబడని వీధి యరుదు. అచటి తెలుగువారు బెంగాల్ నాగపూర్ రైల్వే కార్ఖానాలో కొలువులకై ఉత్తరాంధ్రమునుండి తరలివచ్చిన కుటుంబముల సంతతి వారు. అంతకు పూర్వము పొట్టచేత పట్టుకొని దేశాంతరమేగు తెలుగువారికి సముద్రమే దారి; కోరంగి, విశాఖపట్టణము రేవులనుండి మారిషస్సునకు, బర్మాకు ఓడలెక్కుచుండిరి. ఆవలి తీరమున ఓడలో కలరా గాని మశూచి గాని యున్నట్లు తెలిసెనా, యాత్రికులను ఊరికి దూరముగా నొక దీవిలో దింపి, రోగము చల్లారుదాక నిలిపియుంచుట ఆనాటి ఆనవాయితీ.

ఈ నిర్బంధము ఎంతటి ఘోరమునకు దారితీయగలదో 1856లో కనబడినది. కలకత్తానుండి కూలీలతో బయలుదేరిన హైదరీ, ఫతే ముబారక్ అను రెండు ఓడలు కలరాతో మారిషస్సు చేరగా, అందలి జనమును గాబ్రియేల్ అను చిన్న దీవిలో దింపిరి. అచట 200 మందికి పైగా మరణించిరి. ఆ వార్త చేరినపిదప భారత ప్రభుత్వము మారిషస్సునకు వలసలను కొంతకాలము నిలిపివేసెను. ఊరిని కాపాడవలెనను తలంపు తప్పు కాదు. కాని నీడకును మంచినీటికిని ఏర్పాటు చూడక మనుష్యులను దీవిలో విడుచుట వైద్యమనిపించుకొనదు, శిక్ష యనిపించుకొనును. కలరా దాగియుండు చోటు నీరేయని రాబర్ట్ కాక్ కలకత్తాలో నొక చెరువునీటియందు దాని క్రిమిని కనుగొని చూపుటకు 1884 వఱకు ఆగవలసివచ్చెను.

ఇంతలో రైలు వచ్చి రేవును లోనాడులకు తెచ్చెను. 1896లో బొంబాయిని ప్లేగు పట్టుకొనగా, మఱుసటి యేడు అంటువ్యాధుల చట్టము వెలసి, తనిఖీ ఓడలనుండి రైలుపెట్టెలకు పాకినది. స్త్రీలను, వృద్ధులను దింపి డాక్టర్లు పరీక్షించుట, అనుమానము కలిగినవారిని శిబిరములకు పంపుట జరిగినవి. కలకత్తా, మద్రాసు, నాగపూరు దారులు కలియు ఖరగ్‌పూరు జంక్షను రూపుదిద్దుకొన్నది సరిగా ఆ సంవత్సరములయందే. ప్లేగును ఎలుకలనుండి మనుష్యులకు చేర్చునది వాటి యొంటిపై నుండు ఫ్లీ అను చిన్న పురుగేయని సిమాన్ అను ఫ్రెంచి వైద్యుడు 1898లో కరాచీయందు నిరూపింపజూచెను. అయినను ధాన్యపు బస్తాల చాటున హాయిగా ప్రయాణించు ఎలుకను ఏ డాక్టరును ప్లాట్‌ఫారముపై దింపి నాడి చూచినట్లు వినలేదు!

కావున, నా యెఱుకలో, రైల్వే బస్తీకి మేలు చేసినది తనిఖీకన్న కుళాయియు, మురుగుకాలువయు, ఆసుపత్రియును. చట్టము మాత్రము చిరంజీవి: 1897 నాటి ఆ శాసనమునే 2020లో కరోనా కాలమున ప్రభుత్వములు మరల వెలికితీసినవి, రైలుపెట్టెలనే రోగులకు ప్రత్యేక వార్డులుగా మార్చినవి.