బిడ్డల దగ్గు పడిశములు – పెరుగులోని మేలుజీవులు

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల మెట్టసేద్యము వానను నమ్మియుండును గావున, పెక్కు కుటుంబములకు పాడియే యాధారము. వేకువనే పితికిన పాలన్నియు కేంద్రమునకు బోయు నిండ్లలో బిడ్డకు గరిటెడు పెరుగైనను మిగులుచున్నదా యని సంఘ సభ్యులు విచారింపవలెను. మిగిలిన చోటను, చలికాలము రాగానే పెరుగు పడిశము చేయునని పిల్లలకు మాన్పించుట గలదు. ఈ విషయమున శాస్త్రజ్ఞులు కనుగొన్నది తెలిసికొందము.

కంది, వేరుశనగ విత్తనములకు రైజోబియము పట్టించి విత్తు రైతులకు, సూక్ష్మజీవులన్నియు శత్రువులు కావని చెప్పనక్కరలేదు. పాలను తోడుకొనజేయునవియు నట్టి మేలుజీవులే. పైరు దట్టముగా నున్నచో కలుపునకు చోటు తగ్గునట్లు, ప్రేవులలో మేలుజీవులు నిలిచిన కీడుజీవులకు తావు తగ్గును. రోగముల నెదుర్కొను శక్తికిని ప్రేవులతో సంబంధము గలదు. ఆరోగ్యమునకై తగు మోతాదులో నిచ్చు నిట్టి జీవులకే ప్రోబయోటిక్కులని పేరు.

ఫిన్లండు దేశపు హెల్సింకి నగరమున శిశుసంరక్షణ కేంద్రములలోని 571 మంది పిల్లలకు చలికాలమున ఏడు నెలలు పాలు త్రాగించిరి. మేలుజీవులు కలిపిన పాలు త్రాగినవారు జబ్బువలన సగటున 4.9 దినములును, వట్టిపాలు త్రాగినవారు 5.8 దినములును రాకపోయిరని 2001లో ప్రకటించిరి. మన పొరుగున ఒడిశా పల్లెలలో 4,556 మంది నవజాత శిశువులపై జరిగిన పరిశోధన 2017లో వెలువడెను. లాక్టోబాసిల్లస్ ప్లాంటారము అను జీవిని ఒకవిధమగు చక్కెరతో గలిపి ఏడు దినము లిచ్చిరి. రక్తము విషమించుటయో మరణమో సంభవించినవారు నూటికి 9 నుండి 5.4కు తగ్గిరి. ఊపిరితిత్తుల వ్యాధులును తగ్గెను.

అయినను ఇవి యేరి, కొలిచి యిచ్చిన జీవులు. మన యింటి తోడులో అవియే యుండునని చెప్పజాలము. కావున పెరుగును మందుగా నెంచరాదు. మంచి యాహారముగా నెంచవలెను. పడిశము వైరసులవలన ఒకరినుండి యొకరికి అంటుకొనునేగాని పెరుగువలన పుట్టదు.

ఆరు నెలలు నిండువరకు తల్లిపాలే చాలును. వైద్యుని యాజ్ఞలేక పసికందులకు ఏ పొడియు నీయరాదు. అటుపిమ్మట, కాచిన పాలను శుభ్రమైన పాత్రలో తోడుపెట్టి, మెత్తని యన్నములో కలిపి పెట్టవచ్చును. న్యుమోనియాను నివారించు న్యూమోకోకల్ టీకా 2021 నుండి దేశమంతటను ఉచితముగా నీయబడుచున్నది. ఆరు వారములకు, పదునాలుగు వారములకు, తొమ్మిది నెలలకు తప్పక వేయింపవలెను. పొయ్యి పొగలో బిడ్డను ఉంచరాదు.

దగ్గుతో బిడ్డ ఎగశ్వాస పెట్టినచో నిముసమునకు ఎన్ని యూపిరులో లెక్కింపుడు. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, అయిదేండ్ల లోపు 40, లేక అంతకు మించినను, డొక్క లోపలికి గుంజినను, పాలు త్రాగలేకున్నను, అది యింటి వైద్యమునకు లొంగునది కాదు. కొండక్రింది పల్లెలకు ఆసుపత్రి దూరము; తెల్లవారనిమ్మని యాగక 108కి కబురు చేయుడు.

పాలు కేంద్రమునకు బోయుటకు ముందే బిడ్డపాలు వేరుగా దీసియుంచుడు. పావుసేరు పాల వెల స్వల్పము. తరువాత మందులకగు వ్యయము అట్టిది కాదు.